బిల్డింగ్ ప్రాజెక్టుకి సివిల్, స్ట్రక్చరల్ ఇంజనీర్లను పెట్టుకోవడం ఎలా: మొదటి ఫోన్ నుంచి చివరి డ్రాయింగ్ దాకా

"మంచి స్ట్రక్చరల్ ఇంజనీరు నంబర్ ఉంటే ఇస్తారా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నంబర్ ఇవ్వడం తేలికే. కానీ ఆ నంబరుకి ఫోన్ చేసి "ఐదంతస్తుల బిల్డింగ్, డిజైన్‌కి ఎంత తీసుకుంటారు?" అంటే అటునుంచి ఒక అంకె వస్తుంది. ఆ అంకెలో ఏ పనులు ఉన్నాయో, ఏవి లేవో మీకూ తెలియదు, చాలాసార్లు ఆయనకూ తెలియదు. పని సగంలో ఉన్నప్పుడు వచ్చే గొడవలు చాలావరకు అక్కడివే.

అపార్ట్‌మెంటో, షాపుల కాంప్లెక్సో, లేఅవుటో వేయబోతున్న ఓనర్లకీ చిన్న డెవలపర్లకీ ఇది పనికొస్తుంది. పనులు ఏ వరసలో జరగాలో ఆ వరసలోనే రాశాను. లైసెన్సులు, అనుమతుల రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటిని మీ దగ్గరే కనుక్కోండి.

## 1. ముందు ఎవరు కావాలో తేల్చుకోండి

"ఇంజనీర్" అనే ఒక్క మాటతో నలుగురైదుగురిని పిలుస్తుంటాం. ప్లాన్ గీసే ఆయన, సైట్లో నిలబడి పని చేయించే ఆయన, ఒక్కోసారి కాంట్రాక్టరు కూడా మనకు ఇంజనీరే. కానీ బాధ్యత ఎవరిది అనేసరికి వీళ్లంతా వేరువేరు.

- సర్వేయర్: స్థలం హద్దులు, ఎత్తుపల్లాలు, పక్క రోడ్డు లెవెల్ కొలిచి ఇస్తారు.
- సాయిల్ ఇంజనీరు (జియోటెక్నికల్): కింద ఏ మట్టి ఉంది, ఎంత బరువు మోస్తుంది, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చెబుతారు.
- సివిల్ ఇంజనీరు: స్థలం చదును, రోడ్లు, వాననీటి కాలువలు, మురుగునీటి లైన్లు, మంచినీటి కనెక్షన్లు, బయటి లెవెల్స్ చూస్తారు.
- స్ట్రక్చరల్ ఇంజనీరు: పునాది, కాలమ్‌లు, బీములు, స్లాబులు, గాలికీ భూకంపానికీ బిల్డింగ్ నిలబడే లెక్క చూస్తారు.
- సైట్ ఇంజనీరు: పని డ్రాయింగ్ ప్రకారం జరుగుతోందా అని రోజూ చూసే మనిషి. ఆయన డిజైన్ చేయరు, చేయకూడదు.

చిన్న స్థలంలో ఒకే బిల్డింగ్ అయితే సివిల్ పని తక్కువే, స్ట్రక్చరల్ ఆఫీసే అది కూడా చూసుకోవచ్చు. ఎకరాల్లో లేఅవుట్ అయితే సివిల్ ఇంజనీరే మొదట రావాలి. నీళ్లు ఎటు పారతాయో తేలకుండా ప్లాట్లు గీస్తే, తర్వాత రోడ్లన్నీ మళ్లీ గీయాల్సి వస్తుంది.

రిటైనింగ్ వాల్ (మట్టి జారిపడకుండా ఆపే గోడ) మాత్రం సివిల్, స్ట్రక్చరల్ ఇంజనీర్ల మధ్య జారిపోయే వస్తువు. సివిల్ వాళ్లు "అది స్ట్రక్చర్" అంటారు, స్ట్రక్చరల్ వాళ్లు "అది సైట్ పని" అంటారు. ఎవరిదో మొదటి రోజే రాసి పెట్టుకోండి.

## 2. ఫోన్ చేసే ముందు ఇవి రెడీ చేసుకోండి

మీరిచ్చే సమాచారం ఎంత గజిబిజిగా ఉంటే కొటేషన్ అంత గజిబిజిగా వస్తుంది. కనీసం ఇవి ఉండాలి:

- [ ] హద్దులు, లెవెల్స్ ఉన్న సర్వే డ్రాయింగ్
- [ ] స్థలంలో ఉన్న పాత బావి, పూడ్చిన గుంట, పాత పునాది, కరెంటు తీగలు, పైపులైన్ల వివరం
- [ ] పక్క బిల్డింగులు హద్దుకి ఎంత దగ్గరున్నాయో, సెల్లార్ ఉందో లేదో
- [ ] ఎన్ని అంతస్తులు, ఎంత ఏరియా, ఏ వాడకం
- [ ] తర్వాత అంతస్తులు పెంచే ఆలోచన ఉంటే అది కూడా
- [ ] బరువులు: ట్యాంకులు, జనరేటర్, స్విమ్మింగ్ పూల్, టెర్రస్ తోట, గోడౌన్, లైబ్రరీ
- [ ] ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పటికి పూర్తి చేయాలనుకుంటున్నారో

బరువుల సంగతి ఓనర్లు తేలిగ్గా తీసుకుంటారు. పదివేల లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే 10 టన్నులు. మామూలు గదికి చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడకం బరువు లెక్కేస్తారు. టెర్రస్ మీద అర మీటరు మందాన మట్టి పోస్తే, తడిసినప్పుడు అది చదరపు మీటరుకి దాదాపు 900 కిలోలు. "తోట సంగతి తర్వాత చూద్దాంలే" అనుకుని స్లాబ్ వేశాక చెబితే, ఇంజనీరు కుదరదు అనడం తప్ప ఏమీ చేయలేరు.

పూడ్చిన బావి విషయం దాచకండి. ఫీజు పెరుగుతుందని కొందరు చెప్పరు. తవ్వినరోజు అది ఎలాగూ బయటపడుతుంది, అప్పటికి పక్కన నాలుగు ఫుటింగులు (కాలమ్ కింద పునాది దిమ్మెలు) వేసేసి ఉంటారు.

## 3. ప్లాన్ ఖరారు కాకముందే పిలవండి

చాలామంది ఆర్కిటెక్ట్ ప్లాన్ పూర్తయి, అనుమతికి పెట్టాక స్ట్రక్చరల్ ఇంజనీరు కోసం వెతుకుతారు. అప్పటికి ఆయన చేతిలో మిగిలేది లెక్క ఒక్కటే.

ఒక ఉదాహరణ చూడండి. పైన ఫ్లాట్లు, కింద పార్కింగ్. పై గదులకు సరిపోయేలా పెట్టిన కాలమ్ కింద సరిగ్గా కారు తిరిగే చోట దిగింది. కింద ఆ కాలమ్ తీసేయాలంటే పై అంతస్తుల బరువంతా మోసే పెద్ద బీము అడ్డంగా వేయాలి. అది మీటరు లోతు దాటినా ఆశ్చర్యం లేదు. పార్కింగ్‌లో తల తగులుతుంది, స్టీల్ ఖర్చు ఎగబాకుతుంది. ప్లాన్ పెన్సిల్ మీద ఉన్నప్పుడైతే గోడ ఒక అడుగు జరిపితే అయిపోయేది.

కాబట్టి ఆర్కిటెక్ట్ మొదటి స్కెచ్ ఇవ్వగానే స్ట్రక్చరల్ ఇంజనీరుతో ఒక్క మీటింగ్ పెట్టండి. అందులో తేలాల్సినవి: కాలమ్‌లు ఎక్కడ, బీముల లోతు ఎంత, అంతస్తు ఎత్తు ఎంత, లిఫ్ట్ గోడలు ఎక్కడ, బాత్రూమ్ పైపులు ఎటు దిగుతాయి. సివిల్ ఇంజనీరుతో తేలాల్సింది ముఖ్యంగా ఒకటే: గ్రౌండ్ ఫ్లోర్ లెవెల్. రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉండాలి, వాన నీళ్లూ మురుగూ, పంపు అవసరం లేకుండా, వాటంతటవే బయటికి పోతాయా.

## 4. సాయిల్ టెస్ట్: డిజైన్‌కి ముందు, తర్వాత కాదు

పక్క సైట్ రిపోర్ట్ తెచ్చి "మట్టి ఒకటేగా" అనేవాళ్లున్నారు. ముప్పై అడుగుల దూరంలో గట్టి రాయి పోయి, పూడ్చిన చెరువు మట్టి రావచ్చు. మీ స్థలంలో మీ బోర్లు (మట్టి పరీక్షకి వేసే రంధ్రాలు) వేయించండి.

వరస ఇలా ఉండాలి:

1. ఎన్ని బోర్లు, ఎక్కడ, ఎంత లోతు అన్నది ఇంజనీరు నిర్ణయించాలి, బోరు బండి వాళ్లు కాదు. ఫుటింగ్ కింద ఒత్తిడి దాని వెడల్పుకి సుమారు రెండింతల లోతు దాకా మట్టి మీద పడుతుంది. అంత లోతు చూడకపోతే చూసినట్టు కాదు.
2. బోరు వేసే రోజు మీ మనిషి ఒకరు అక్కడ ఉండాలి. మట్టి గట్టితనం చూడటానికి 63.5 కిలోల సుత్తిని సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, బోరులో దింపిన గొట్టం దిగేలా, పదేపదే వదులుతారు. గొట్టం మొత్తం 45 సెంటీమీటర్లు దిగుతుంది. చివరి 30 సెంటీమీటర్లకి ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే రిపోర్టులో కనిపించే "ఎన్" విలువ. ఆ దెబ్బలు నిజంగా లెక్కపెట్టారా అన్నది అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.
3. రిపోర్ట్ రాగానే స్ట్రక్చరల్ ఇంజనీరు, సాయిల్ ఇంజనీరు ఒకసారి మాట్లాడుకోవాలి. ఆ ఫోన్ కాల్ మీరే పెట్టించండి.

రిపోర్ట్ చేతికొచ్చాక ఇవి ఉన్నాయా చూడండి:

- [ ] బోర్లు ఎక్కడ వేశారో చూపే మ్యాప్
- [ ] నీటి మట్టం, కొలిచిన తేదీ (ఎండాకాలంలో కొలిచింది వానాకాలానికి పనికిరాదు)
- [ ] మట్టి ఎంత బరువు మోస్తుంది, అంత వేస్తే ఎంత కుంగుతుంది, రెండూ
- [ ] ఏ రకం పునాది, ఎంత లోతులో
- [ ] మట్టిలో, నీళ్లలో సల్ఫేట్లు, క్లోరైడ్లు
- [ ] తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి ఉందా

## 5. జాబితా, వడపోత

ముగ్గురు నలుగురు చాలు. పదిమందిని పిలిస్తే మీకే తికమక.

లైసెన్సు నంబర్ తీసుకుని, లైసెన్సు ఇచ్చే సంస్థ దగ్గరే సరిచూసుకోండి. విజిటింగ్ కార్డు మీద ఉన్నది సాక్ష్యం కాదు. వృత్తి బాధ్యత బీమా ఉంటే దాని కాపీ, గడువు తేదీ అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే ఇంజనీరుతో రెండేళ్లు పనిచేయడం కష్టం.

తర్వాత మీలాంటి ప్రాజెక్టే చేశారా అన్నది చూడాలి. ఇరవై అంతస్తుల టవర్లు చేసిన ఆఫీసు మీ వాలు స్థలంలోని మూడంతస్తులకి తగినది అవ్వాలని లేదు.

రిఫరెన్సులు అడిగేటప్పుడు ఓనర్లను ఒక్కరినే కాదు, వాళ్లతో పనిచేసిన కాంట్రాక్టర్‌ని కూడా అడగండి. ఓనరు "చాలా మంచాయన" అంటారు. కాంట్రాక్టర్ అసలు సంగతి చెబుతారు: సైట్లో డౌటు వస్తే ఎన్నిరోజులకి జవాబు వచ్చేది? డ్రాయింగులు పనికి ముందు వచ్చేవా, పని ఆగాక వచ్చేవా? నా అనుభవంలో ఈ రెండు ప్రశ్నలు చెప్పినంత, ఆఫీసు గోడ మీది సర్టిఫికెట్లు చెప్పవు.

పాత ప్రాజెక్టు డ్రాయింగ్ సెట్ ఒకటి చూపించమనండి. మీకు లెక్క అర్థం కాకపోయినా, కాలమ్-బీము కలిసే చోటు పెద్దదిగా గీసి కడ్డీలు ఎలా పోవాలో చూపించారా అన్నది కనిపిస్తుంది. "మామూలు పద్ధతిలో చేయాలి" అని రాసి వదిలేసిన డ్రాయింగ్‌లో నిర్ణయం మేస్త్రీకి వదిలేసినట్టే.

## 6. కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలు

- మా పని మీరే చేస్తారా, మీ ఆఫీసులో ఇంకెవరైనా చేస్తారా? వాళ్లతో ఇప్పుడే మాట్లాడొచ్చా?
- మీ లెక్కలు ఇంకెవరు సరిచూస్తారు?
- ఇప్పుడు మీ చేతిలో ఎన్ని ప్రాజెక్టులు ఉన్నాయి?
- మా స్థలంలో మీకు కనిపిస్తున్న పెద్ద రిస్క్ ఏంటి?
- మీ డిజైన్‌లో తప్పు దొర్లిన సందర్భం ఒకటి చెప్పండి. ఎలా సరిచేశారు?

ఆఖరి ప్రశ్నకి "నాకెప్పుడూ జరగలేదు" అంటే అనుభవం తక్కువని అనుకోవాలి, లేదా చెప్పడం ఇష్టం లేదని.

మీరు మాత్రం ఒక ప్రశ్న అడగకండి: "చదరపు అడుగుకి స్టీల్ ఎన్ని కిలోలు పడుతుంది?" సాయిల్ రిపోర్ట్ కూడా చూడకుండా దానికి తక్కువ అంకె చెప్పేవాళ్లు మీ మనసులో ఉన్నది చదివి చెబుతున్నారు. దాని బదులు "రెండు మూడు రకాల ఫ్రేములు (కాలమ్, బీముల అమరికలు) పోల్చి చూపిస్తారా?" అనండి. ఆదా నిజంగా అక్కడే దొరుకుతుంది.

## 7. పని పరిధి కాగితం మీద పెట్టండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే, ఇది చదవండి. "స్ట్రక్చరల్ డిజైన్ మొత్తం" అని ఒక లైను రాసిచ్చే కొటేషన్ తీసుకోవద్దు. "మొత్తం"లో ఏముందో ఒక్కొక్కటీ రాయించండి.

ఎక్కువగా జారిపోయేవి ఇవి:

- [ ] మెట్లు, లిఫ్ట్ గుంట, లిఫ్ట్ రూమ్
- [ ] నేలలోని నీటి సంప్, టెర్రస్ మీద ట్యాంకు
- [ ] రిటైనింగ్ వాల్, కాంపౌండ్ వాల్
- [ ] సెల్లార్ తవ్వేటప్పుడు పక్కమట్టి కూలకుండా పెట్టే ఆధారం
- [ ] బిల్డింగ్ బయటి ముఖానికి అమర్చే గ్లాసు, రాతి పలకల బిగింపులు
- [ ] టెర్రస్ మీద సోలార్, హోర్డింగ్, టవర్
- [ ] కడ్డీల కటింగ్ పట్టిక (బార్ బెండింగ్ షెడ్యూల్)
- [ ] అనుమతుల ఆఫీసు అడిగే సర్టిఫికెట్లు, సంతకాలు

వాటితోపాటు ఏ దశలో ఏ డ్రాయింగ్ ఏ తేదీకి ఇస్తారు, ఎన్ని మార్పులు ఫీజులో భాగం, సైట్‌కి ఎన్నిసార్లు వస్తారు, సైట్ ప్రశ్నకి ఎన్ని పనిరోజుల్లో రాతపూర్వకంగా జవాబిస్తారు అన్నవి ఉండాలి. "అవసరమైనప్పుడు వస్తాం" అనే మాట ఒప్పుకోవద్దు. అవసరం ఎప్పుడో మేస్త్రీకీ ఇంజనీరుకీ ఒకేలా తోచదు.

ఇంకొకటి: బిల్డింగ్‌కి కావాల్సిన స్టీలు భాగాలను ఫ్యాక్టరీలో తయారుచేసేవాళ్లు తమ సొంత డ్రాయింగులు గీసుకుంటారు. వాటిని స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టి సరిచూడాలని రాయించండి. 1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక హోటల్ లోపలి నడకవంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైవంతెన, కిందివంతెన రెండూ పైకప్పు నుంచి దిగే ఒకే కడ్డీలకు వేలాడాలి. తయారీకి సులువని కడ్డీని రెండు ముక్కలు చేసి, కిందివంతెనను పైవంతెనకే వేలాడదీశారు. దాంతో పైవంతెన బిగింపు మీద బరువు రెట్టింపయింది. ఆ మార్పు ఉన్న డ్రాయింగులకు ఇంజనీర్ల ఆఫీసు ఆమోదముద్ర పడింది, కానీ లెక్క ఎవరూ వేయలేదు. తర్వాత ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి.

## 8. ఫీజు

మొత్తానికి ఒకే అంకె, నిర్మాణ ఖర్చులో శాతం, గంటల లెక్క అని మూడు పద్ధతులున్నాయి. పరిధి స్పష్టంగా ఉంటే ఒకే అంకె మేలు. శాతం పద్ధతిలో ఖర్చు పెరిగితే ఫీజూ పెరుగుతుంది, అది నాకంత నచ్చదు. పాత బిల్డింగ్ మరమ్మతులాంటి, ముందే అంచనా దొరకని పనికి గంటల లెక్క సరైనది, పైన ఒక హద్దు పెట్టుకుని.

చెల్లింపులు దశలవారీగా పెట్టండి. పునాది డ్రాయింగ్ ఇవ్వగానే సగానికి పైగా చెల్లించేస్తే, స్లాబ్ రోజున ఫోన్ ఎత్తే తొందర ఎవరికీ ఉండదు. చివరి వాయిదా ఆఖరి డ్రాయింగులు చేతికొచ్చాకే.

ఇంజనీరుకి డబ్బు మీరే ఇవ్వాలి, కాంట్రాక్టర్ కాదు. కాంట్రాక్టర్ తెచ్చుకున్న ఇంజనీరు కాంట్రాక్టర్ పని తప్పని రాయాల్సి వస్తే ఎవరి వైపు చూస్తారో మీకే తెలుసు.

## 9. డిజైన్ నడుస్తున్నప్పుడు

లెక్కలు మొదలుపెట్టకముందే ఏ బరువులు, ఏ కాంక్రీట్ గ్రేడు, ఏ స్టీలు, గాలి, భూకంపం దేని ప్రకారం అన్నది రెండు మూడు పేజీల్లో రాసివ్వమనండి. అది చదివి మీ ట్యాంకులూ తోటా అందులో ఉన్నాయో లేదో చూసుకుని సంతకం చేయండి.

డ్రాయింగ్ రివిజన్ నంబర్లతో జాగ్రత్త. నా మొదటి ప్రాజెక్టులో రెండో అంతస్తు బీముల డ్రాయింగ్ మూడుసార్లు మారింది. మూడోది నా మెయిల్లో ఉంది. సైట్ షెడ్డులో గోడకి గుచ్చింది మొదటిది. సెంట్రింగ్ మీద కడ్డీలు సగం కట్టాక, కింద 16 ఎంఎం కడ్డీలు నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయని చూశాం. మేస్త్రీ తప్పేం లేదు, ఆయన గోడ మీది కాగితం చూసే కట్టాడు. రెండు రోజులు విప్పి కట్టించాం. అప్పట్నుంచి కొత్త డ్రాయింగ్ వస్తే పాతది నేనే చింపి తెచ్చుకుంటాను, కొత్తదాని మీద తేదీ వేసి సైట్ వాళ్ల సంతకం తీసుకుంటాను.

వాడకం మారినా, అంతస్తు పెరిగినా మళ్లీ మొదటినుంచి లెక్క వేయించాల్సిందే. సియోల్‌లో 1995 జూన్ 29న సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. అక్కడ నాలుగంతస్తులనుకున్నదానికి ఐదోది చేర్చారు, కాలమ్‌లు సన్నబడ్డాయి, ఎస్కలేటర్ల కోసం స్లాబులు కోశారు, ఏసీ యంత్రాలను పైకప్పు మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపారు.

## 10. సైట్లో: కాంక్రీట్ పోసేముందు ఆగాల్సిన చోట్లు

ఇంజనీరు చూసి రాతలో సరే అనేదాకా పని ముందుకు వెళ్లకూడని దశలు ఇవి: పునాది గుంట తవ్వాక, ఫుటింగ్ కడ్డీలు కట్టాక, కాలమ్ కడ్డీలకి పెట్టె బిగించేముందు, ప్రతి స్లాబుకీ ముందు. కాంట్రాక్టర్ ఒప్పందంలోనూ ఇవే దశలు రాయండి. లేకపోతే మిక్సర్ బండి వచ్చి నిలబడ్డాక ఎవరూ ఆపలేరు.

స్లాబ్ ముందురోజు చూడాల్సినవి:

- [ ] కడ్డీల సైజు, సంఖ్య, దూరం కొత్త రివిజన్ ప్రకారం ఉన్నాయా
- [ ] కడ్డీని షీటు నుంచి పైకి ఎత్తిపట్టే కవర్ బ్లాకులు కింద ఉన్నాయా, కడ్డీ సెంట్రింగ్ షీటుకి ఆనకుండా ఉందా
- [ ] కాలమ్ దగ్గర రింగులు దగ్గరదగ్గరగా ఉన్నాయా, కొనలు లోపలికి వంచారా
- [ ] కడ్డీల అతుకులన్నీ ఒకేచోట పడకుండా ఉన్నాయా
- [ ] బాల్కనీ కడ్డీలు పైనే ఉన్నాయా (తొక్కితొక్కి కిందికి దిగిపోతాయి)
- [ ] సెంట్రింగ్ కర్రలు గట్టి నేల మీద నిలబడ్డాయా
- [ ] కరెంటు, ప్లంబింగ్ పైపులు బీముని కోయకుండా పోతున్నాయా

కాంక్రీట్ పోసే రోజు బలం పరీక్షకి శాంపిళ్లు తీయించండి: 150 ఎంఎం క్యూబులు, మీ ప్రాంతంలో సిలిండర్లు వాడితే అవి. 7 రోజులకి ఒకసారి, 28 రోజులకి ఒకసారి పరీక్ష. మామూలు సిమెంటుతో 7 రోజులకి 28 రోజుల బలంలో సుమారు మూడింట రెండొంతులు రావాలి. రిపోర్ట్ ల్యాబు నుంచి మీకూ ఇంజనీరుకీ నేరుగా రావాలి.

## 11. తేడా వచ్చినప్పుడు

క్యూబ్ ఫెయిలైతే: వెంటనే పగలగొట్టించకండి, కప్పిపుచ్చనూ వద్దు. పై పని ఆపి ఇంజనీరుకి చెప్పండి. హ్యామర్ టెస్ట్ (పరికరంతో పైన కొట్టి బలం అంచనా వేయడం), అవసరమైతే కోర్ (గట్టిపడిన కాంక్రీటు నుంచి కోసిన ముక్క) తీసి చూస్తారు. ఆ బలంతో సరిపోతుందా, బలపరచాలా, తీసేయాలా అన్నది ఆయన లెక్కవేసి రాసివ్వాలి.

ప్లంబర్ బీముకి రంధ్రం కొడితే: సిమెంటుతో పూడ్చి రంగేసి ఊరుకుంటారు. కాలమ్‌కి దగ్గర బీము మీద కోత బలం (బీముని అడ్డంగా తెంచేలా లాగే బలం) ఎక్కువ, అక్కడ రంధ్రం మరీ ప్రమాదం. ఫొటో, కొలతలు ఇంజనీరుకి పంపండి. కడ్డీ తెగిందా అన్నదే ఆయన మొదటి ప్రశ్న అవుతుంది, ముందే చూసి పెట్టుకోండి.

డ్రాయింగ్‌లోని సైజు కడ్డీ దొరకకపోతే: కాంట్రాక్టర్ "దీని బదులు అది వేద్దాం" అంటారు. కుదరొచ్చు. కానీ ఫోన్లో "ఊ" అన్నది చాలదు, మెసేజ్ అయినా సరే రాత ఉండాలి.

ఇంజనీరు మధ్యలో మారితే: పాతాయనకు బాకీ తీర్చి, లెక్కలు, మోడల్ ఫైళ్లు తీసుకోండి. కొత్తాయన పాత సంతకం మీద ఆధారపడకుండా కట్టినదాన్ని తానే సరిచూడాలి. దీనికి ఫీజు వేరే అవుతుంది.

## 12. చివరి చెక్కు ఇచ్చేముందు తీసుకోవాల్సినవి

- [ ] నిజంగా కట్టినట్టే గీసిన ఆఖరి డ్రాయింగులు, సంతకంతో
- [ ] డిజైన్ లెక్కల కాపీ
- [ ] సాయిల్, క్యూబ్, స్టీల్ పరీక్షల రిపోర్టులన్నీ
- [ ] సైట్ విజిట్ నోట్స్, ప్రశ్నలు, జవాబులు
- [ ] భూమిలో పోయిన పైపులు, మ్యాన్‌హోళ్ల లెవెల్స్ ఉన్న డ్రాయింగ్
- [ ] ఏ అంతస్తు మీద ఎంత బరువు పెట్టొచ్చో చెప్పే ఒక పేజీ, ఏ గోడలు కదపకూడదో గుర్తుతో

ఆ ఆఖరి పేజీని లామినేట్ చేయించి కరెంటు మీటర్ల గదిలో పెట్టండి. ఐదేళ్ల తర్వాత టెర్రస్ మీద ఇంకో ట్యాంకు పెట్టడానికి వచ్చే మనిషికి మీరూ తెలియదు, మీ ఇంజనీరూ తెలియదు.